పిలుపు వినగానే పరుగెత్తే పొరుగువాళ్ళు

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. వడగాలి వీస్తోంది. ఊళ్ళో ఒక పూరింటి కప్పు అంటుకుంది. అప్పుడు మనమేం చేస్తాం? బిందె పట్టుకుని పరుగెడతాం. పాత తగాదాలు ఆ క్షణంలో ఎవరికీ గుర్తుకు రావు. ఒకరు బోరింగు కొడుతుంటే బిందెలు చేతులు మారుతూ సాగుతాయి. ఇంకొకరు పక్కింటి కప్పు మీద తడి గోనెలు పరుస్తారు. ఎవరో అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేస్తారు. ఎక్కడో పట్నం నుంచి ఎర్రబండి వచ్చేసరికి చాలాసార్లు మిగిలేది బూడిదే.

ఆ పరుగులో మంచితనానికి లోటు లేదు. లోటంతా ముందస్తు ఏర్పాటులోనే ఉంది. నీళ్ళు ఎక్కడున్నాయో, ఎవరు ఏ పని చూడాలో, ఎవరు లోపలికి వెళ్ళాలో, ఎవరు వెళ్ళకూడదో అప్పటికప్పుడు తేల్చుకోవలసి వస్తుంది. ఆ పరుగునే ముందుగా నేర్చుకుని, పద్ధతి ప్రకారం తరతరాలుగా కొనసాగిస్తే ఎలా ఉంటుంది? అమెరికాలోని చిన్న ఊళ్ళను చూస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

అక్కడ వేలాది ఊళ్ళను మంటల నుంచి కాపాడుతున్నది జీతం తీసుకునే సిబ్బంది కాదు, ఆ ఊరి జనమే. వారి సంఘాలను వాలంటీర్ ఫైర్ కంపెనీలంటారు. పేరులో కంపెనీ ఉన్నా అది వ్యాపారం కాదు. ఒక పని మీద కూడిన మనుషుల జట్టు అని ఆ మాటకు అర్థం. 2020 నాటి లెక్కల ప్రకారం అమెరికాలో అగ్నిమాపక దళాల వారు దాదాపు 10 లక్షల 41 వేల మంది. వారిలో 6 లక్షల 77 వేల మంది, అంటే నూటికి 65 మంది, వాలంటీర్లే. ధనిక దేశమని మనం చెప్పుకునే చోట సైతం చిన్న ఊరి ప్రాణం ఇరుగుపొరుగు చేతుల్లోనే ఉందన్న మాట.

తోలు బకెట్లతో మొదలు

ఈ ఏర్పాటుకు దాదాపు మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఫిలడెల్ఫియా నగరంలో అచ్చుకూటం నడుపుకునే బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1735లో తన పత్రికలో అగ్నిప్రమాదాల గురించి రాశాడు. పారలో నిప్పులు పెట్టుకుని ఒక గది నుంచి మరో గదికి మోసుకెళ్ళడం ఎంత ప్రమాదమో హెచ్చరించాడు. అంతటితో ఊరుకోలేదు. 1736 డిసెంబరు 7న మిత్రులను కూడగట్టి యూనియన్ ఫైర్ కంపెనీని స్థాపించాడు. సభ్యులు ముప్ఫై మంది.

ప్రతి సభ్యుడూ తన ఇంట్లో తోలు బకెట్లు, గట్టి సంచులు ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలి. బకెట్లు నీళ్ళకు. సంచులు, కాలుతున్న ఇంట్లోని సామాను బయటికి చేరవేయడానికి. నెలకొకసారి అందరూ కలిసి కూర్చుని, మంటలార్పడంలో తమకు తెలిసింది చెప్పుకోవాలి. ఆ సమావేశానికి రానివారికి జరిమానా. ఆ జరిమానా సొమ్ముతో నీళ్ళు చిమ్మే యంత్రాలు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటుంది. వారు జరిమానా వేసింది పిరికితనానికి కాదు, గైర్హాజరుకు. ఆపద వచ్చిన రోజున ధైర్యం చూపడం ఒక ఎత్తు. ఏ ఆపదా లేని మామూలు సాయంత్రం పని మానుకుని వచ్చి కూర్చోవడం మరో ఎత్తు. ఈ రెండోదే కష్టమని ఫ్రాంక్లిన్‌కు తెలుసు.

తర్వాతి కాలంలో ఈ చరిత్ర అంతా మంచిగానే నడిచిందని చెప్పలేం. పందొమ్మిదో శతాబ్దపు పెద్ద నగరాల్లో కంపెనీల మధ్య పోటీ పెరిగి వీధి కొట్లాటల దాకా వెళ్ళింది. చివరికి 1853లో సిన్సినాటి నగరం జీతమిచ్చే దళాన్ని పెట్టుకుంది. 1865లో న్యూయార్క్, 1871లో ఫిలడెల్ఫియా అదే దారి పట్టాయి. చిన్న ఊళ్ళలో మాత్రం స్వచ్ఛంద దళాలే నిలిచాయి.

సైరన్ మోగితే

ఈ దళాల్లో ఎవరుంటారు? బేకరీలో పిండి కలిపే మనిషి, బడిపంతులు, రైతు, బండ్లు బాగుచేసే మెకానిక్కు, ఇంటిపని చూసుకునే తల్లి. చాలాచోట్ల వారికి జీతం లేదు. కొన్నిచోట్ల పిలుపుకు ఇంత అని కొద్దిపాటి భత్యం ఇస్తారు. ఒకప్పుడు ఊరి మధ్య సైరన్ మోగేది. కొన్ని ఊళ్ళలో ఇప్పటికీ మోగుతుంది. ఇప్పుడు నడుముకు పెట్టుకున్న పేజరు, జేబులోని సెల్‌ఫోను కూడా పిలుస్తాయి. పిలుపు రాగానే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలి కేంద్రానికి చేరుకుంటారు. మందపాటి కోటు, బూట్లు, శిరస్త్రాణం, వీపున గాలి సిలిండరు తగిలించుకుని బండి ఎక్కుతారు.

బండి నడిపేదెవరు, గొట్టం పట్టేదెవరు అన్న చర్చ అక్కడ ఉండదు. అవన్నీ ముందే నేర్చుకున్నవి. పొగ నిండిన ఇంట్లోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరాదు. ఇద్దరు లోపలికి వెళితే, వారిని కాపాడేందుకు మరో ఇద్దరు బయట సిద్ధంగా నిలబడాలి. లోపల ఎందరున్నారో లెక్క చూసేందుకు ఒకరుంటారు. సాహసం చూపాలనే తొందరలో ఇంకో ప్రాణం పోకూడదనే ఈ కట్టుబాటు.

ఇదంతా అభ్యాసంతో వచ్చేదే. చాలా దళాలు క్రమం తప్పకుండా ఒక సాయంత్రం కసరత్తు పెట్టుకుంటాయి. గొట్టాలు విప్పడం, చుట్టడం, నిచ్చెన ఎక్కడం, కళ్ళకు ఏమీ కనబడకుండా ముసుగు కప్పుకుని గోడ పట్టుకుంటూ నేలమీద పాకడం, ఇలా చేసిందే మళ్ళీ మళ్ళీ చేస్తారు. ప్రాథమిక శిక్షణకే చాలాచోట్ల వంద గంటలకు పైగా పడుతుంది.

పేరు మంటల దళమే అయినా పని మాత్రం చాలా రకాలు. అమెరికా అగ్నిమాపక దళాలన్నిటికీ వచ్చే పిలుపుల్లో నిజమైన మంటలు నూటికి ఐదు కూడా ఉండవు. ఎక్కువ పిలుపులు గుండెనొప్పి, ఊపిరాడకపోవడం వంటి వైద్య సహాయానికే. రోడ్డు ప్రమాదంలో నుజ్జయిన కారును కోసి మనిషిని బయటికి తీయడం, వరదలో చిక్కినవారిని ఒడ్డుకు చేర్చడం కూడా వీరి పనే.

నీళ్ళు ఎక్కడివి?

నగరంలోనైతే వీధి పక్కన నీటి కుళాయి ఉంటుంది, గొట్టం తగిలిస్తే చాలు. పల్లెటూళ్ళలో ఆ సౌకర్యం లేదు. బండిలో మోసుకొచ్చే నీళ్ళు సాధారణంగా రెండు నుంచి నాలుగు వేల లీటర్లు. గొట్టం నిమిషానికి వందల లీటర్లు తాగేస్తుంది. కాబట్టి కొద్ది నిమిషాల్లోనే బండి ఖాళీ.

దీనికి వారు కనిపెట్టిన ఉపాయం సులువైనది. మడతపెట్టే పెద్ద తొట్టెను మంటకు దగ్గరగా రోడ్డు మీద విప్పి నిలబెడతారు. ట్యాంకర్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చి అందులో నీళ్ళు గుమ్మరించి మళ్ళీ చెరువుకో వాగుకో పరుగెడతాయి. తొట్టెలోంచి యంత్రం నీళ్ళు తోడి మంట మీదికి పంపుతుంది. మన బిందెల వరుస లాంటిదే ఇది, బిందె స్థానంలో లారీ ఉంది. కొన్ని ఊళ్ళలో చెరువులోకి శాశ్వతంగా ఒక గొట్టం వేసి ఉంచుతారు. ఏ చెరువు వేసవిలో ఎండుతుందో, ఏది చలికాలంలో గడ్డకడుతుందో దళానికి ముందే తెలిసి ఉండాలి.

ఒక ఊరి బలం చాలకపోతే పక్క ఊరి దళం వస్తుంది. ఆ ఊరికి ఆపద వస్తే ఈ ఊరు వెళుతుంది. ఈ ఒప్పందం కూడా ముందుగా రాసుకున్నదే.

చందాలు, విందులు

బండి కొనాలంటే లక్షల డాలర్లు కావాలి. పన్నుల నుంచి కొంత వస్తుంది. మిగతాది ఊరే సమకూర్చుకోవాలి. అందుకని ఆదివారం ఉదయం కేంద్రంలోనే అట్లు పోసి అమ్ముతారు. వేసవిలో నిప్పుల మీద కోళ్ళు కాల్చి పొట్లాలు కడతారు. తిరునాళ్ళ లాంటి సంబరాలు జరుపుతారు. ఇంటింటికీ చందా కోసం ఉత్తరాలు పంపుతారు. న్యూజెర్సీలో, పెన్సిల్వేనియాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఇలాంటి ఉత్తరం వస్తే, అది అడిగేది తమ వీధికి పరుగెత్తుకొచ్చే మనుషుల కోసమేనని గుర్తుంచుకోవాలి.

ఒకప్పుడు స్త్రీలు అనుబంధ సంఘాలుగా ఏర్పడి, రాత్రంతా మంటలతో పోరాడేవారికి కాఫీ, తిండి అందించేవారు. ఆ సంఘాలు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు స్త్రీలు గొట్టం పట్టుకుని ముందు వరసలోనూ నిలుస్తున్నారు.

1871 అక్టోబరులో షికాగో నగరం తగలబడింది. ఆ జ్ఞాపకంగా ఏటా అక్టోబరులో అగ్ని నివారణ వారం జరుపుతారు. అప్పుడు దళం వారు బడికి వెళ్ళి పిల్లలతో మాట్లాడతారు. బట్టలు అంటుకుంటే పరుగెత్తకు, ఆగు, నేల మీద పడు, దొర్లు. పొగ కమ్మితే వంగి పాకుతూ బయటికి రా. వచ్చాక ఏ బొమ్మ కోసమూ మళ్ళీ లోపలికి వెళ్ళకు. ఈ నాలుగు మాటలు పిల్లల చేత చేయించి మరీ నేర్పుతారు.

వెస్ట్ ఊరి విషాదం

ఇంత ఏర్పాటు ఉన్నా ఒక్క విషయం తెలియకపోతే ఏమవుతుందో టెక్సాస్ రాష్ట్రంలోని వెస్ట్ అనే ఊరు చూసింది. మూడు వేల లోపు జనాభా. 2013 ఏప్రిల్ 17 సాయంత్రం ఏడున్నరకు అక్కడి ఎరువుల గోదాములో మంట లేచింది. వాలంటీర్లు ఎప్పటిలాగే పరుగున వచ్చారు. పిలుపు అందిన ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూగా ఆ గోదాము పేలిపోయింది. భూకంపాన్ని కొలిచే యంత్రాలు సైతం ఆ అదురును నమోదు చేశాయి. 15 మంది మరణించారు. వారిలో 12 మంది ఆపదలో ఆదుకోవడానికి వచ్చినవారే. పక్కనున్న వృద్ధుల సంరక్షణాలయం, బడి దెబ్బతిన్నాయి. సాయంత్రం కావడంతో బడిలో పిల్లలు లేరు.

గోదాములో ఉన్నది అమ్మోనియం నైట్రేటు. అది తానుగా మండదు. కాని పక్కన మండేదానికి ఊపిరి పోస్తుంది. వేడెక్కి, ఇతర పదార్థాలతో కలిసినప్పుడు పేలగలదు. దానిని చెక్క కట్టడంలో, చెక్క అరల్లో నిల్వ చేశారు. ఆ ప్రమాదం గురించి దళానికి తగినంత శిక్షణ, సమాచారం లేవని తర్వాత ప్రభుత్వ విచారణ తేల్చింది. వారి ధైర్యంలో లోపం లేదు. ఎదురుగా ఉన్నదేమిటో వారికి ముందుగా చెప్పకపోవడమే లోపం.

మన దేశంలోనూ ఇలాంటి ఏప్రిల్ ఒకటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలు రెండూ మోసుకొచ్చిన ఫోర్ట్ స్టికీన్ ఓడలో మంటలు లేచాయి. ఆర్పుతుండగానే ఓడ పేలింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. వారి స్మృతిగానే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన అగ్నిమాపక కేంద్రాల్లో వారోత్సవాలు జరుగుతున్నాయి.

తగ్గుతున్న చేతులు

అమెరికాలో ఈ ఏర్పాటుకు ఇప్పుడు గడ్డుకాలం. 1984లో దాదాపు 8 లక్షల 98 వేల మంది వాలంటీర్లుండేవారు. 2020 నాటికి 2 లక్షల మందికి పైగా తగ్గారు. పిలుపులు మాత్రం కొన్ని రెట్లు పెరిగాయి. యువకులు ఉద్యోగాల కోసం దూరపు నగరాలకు వెళుతున్నారు. పగటిపూట సైరన్ మోగితే ఊళ్ళో ఉన్నది పెద్దవాళ్ళే. రెండు ఉద్యోగాలు చేసే తండ్రికి శిక్షణకు గంటలు దొరకడం లేదు. పైగా నేటి ఇళ్ళలో ఫోము పరుపులు, ప్లాస్టిక్ సామాను ఎక్కువ. గది మొత్తం అంటుకోవడానికి కొద్ది నిమిషాలు చాలు. సమయం తగ్గుతోంది, చేతులూ తగ్గుతున్నాయి.

మన వీధి మాట

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అగ్నిమాపక శాఖ ప్రభుత్వ సిబ్బందితో నడుస్తుంది. మనం ఎర్రబండ్లు కొనాలని మేము చెప్పడం లేదు. బండి వచ్చే లోపు ఆ కొద్ది నిమిషాలు మాత్రం మనవే. వాటికోసం మనమేం సిద్ధం చేసుకున్నాం?

ఫోను చేయవలసిన నంబరు 101, లేదా 112. ఇంట్లో పిల్లలకూ ముసలివారికీ ఇది నోటికి రావాలి. మొహల్లాలో నీళ్ళు ఎక్కువగా ఎక్కడుంటాయి? మస్జిదు హౌజులోనా, బడి ట్యాంకులోనా, ఎవరింటి సంపులోనా? తాళం ఎవరి దగ్గర ఉంటుంది? ఇరుకు సందులో అడ్డంగా నిలిపిన బండ్ల వల్ల ఎర్రబండి రాలేకపోతే ఆ తప్పు ఎవరిది? వీధి చివరనున్న గోదాములో ఏముందో, పత్తిమిల్లులో ఎవరు పడుకుంటారో పక్కింటివారికైనా తెలుసా?

వంటింటి సంగతీ అంతే. మరిగిన నూనె అంటుకుంటే నీళ్ళు పోయరాదు. పొయ్యి కట్టేసి మూత పెట్టాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చు ముట్టుకోరాదు. రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తెరవాలి. నిద్రకు ముందు దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) చెప్పిన మాట మన పెద్దలు గుర్తుచేస్తూనే ఉంటారు. దానిలో ఇమిడిన జాగ్రత్త నేటి గ్యాసు పొయ్యికీ వర్తిస్తుంది.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఆరంభించిన ఆపద మిత్ర పథకం సామాన్య పౌరులకు ఆపదలో సాయపడే శిక్షణ ఇస్తోంది. ఏప్రిల్ వారోత్సవాల్లో అగ్నిమాపక కేంద్రాల వారు ప్రదర్శనలిస్తారు. మన యువకులు పదిమంది కలిసి వెళ్ళి అడిగితే నేర్చుకునేందుకు దారి దొరుకుతుంది. తర్వాత నెలకొకసారి వీధిలో కూర్చుని నేర్చుకున్నది గుర్తుచేసుకుంటే చాలు. ముప్ఫై మంది తోలు బకెట్లతో మొదలుపెట్టింది కూడా ఈ పనే.

ఇల్లు అంటుకున్న రోజున మనమంతా ఎలాగూ పరుగెడతాం. ఆ పరుగు వల్ల ఒక ఇల్లు, ఒక ప్రాణం దక్కాలంటే ఏ మంటా లేని ఈ రోజునే కలిసి కూర్చోవాలి.