ఆటలో న్యాయము, ఆటగాని కూలి

ఆట యనునది పిల్లల పని యనియు, దానిని గూర్చి పెద్దలు కూర్చుండి విచారింపవలసిన దేమియు లేదనియు తలంచువారు మన పల్లెలలో నేటికిని కలరు. అయినను మదనపల్లెలో గాని, పుంగనూరులో గాని, కుప్పములో గాని వేసవి రాత్రులందు ఏ కాఫీ యంగడి ముందు నిలిచినను వినవచ్చునవి క్రికెట్టు మాటలే. ఆ మాటలలో వాదము పుట్టునది తఱుచుగా రెండు చోట్ల. వారి మైదానములో ఆడిరి గనుక వారు గెలిచిరి అనునది యొకటి. ఒక్క మనుష్యునకు 27 కోట్ల రూపాయలా అనునది రెండవది. రెండును న్యాయమునకు సంబంధించిన ప్రశ్నలే. తగవు విని తీర్పు చెప్పుట మీకు క్రొత్త గాదు గనుక ఈ తగవును మీ యెదుట పెట్టుచున్నాను.

మనకు తెలిసిన పందెముతో ప్రారంభించెదను. ఎద్దుల బండలాగుడు పందెములలో అన్ని జతలను ఒక్క బండకు కట్టరు. పండ్లు చూచి, పాలపండ్ల యెద్దులు వేఱు, రెండు పండ్లవి వేఱు, నాలుగు పండ్లవి, ఆఱు పండ్లవి వేఱని తరగతులు చేయుదురు. తరగతికి తగిన బండ. అందఱకును ఒకే గడువు. ఆ గడువులో ఎవరి జత ఎక్కువ దూరము లాగునో వారిదే బహుమానము. మూడడుగుల యెత్తైన లేని మన పుంగనూరు ఎద్దును తెచ్చి ఒంగోలు ఎద్దు ప్రక్కన కాడికి కట్టినచో అది పందెము కాదు, పరిహాసము. పుంగనూరు జాతి గొప్ప వేఱు. పిడికెడు మేతతో చిక్కని పాలిచ్చుట దాని విద్య. సాటివారిని సాటివారితో నిలుపుట ఆటలోని మొదటి న్యాయము. 2000 సంవత్సరమున సిడ్నీలో శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లీశ్వరి కంచు పతకము గెలిచినదియు 69 కిలోల తరగతిలోనే గాని, వచ్చినవారందఱితో కలిసి కాదు.

పోటీయే వలదను పెద్దలును లేకపోలేదు. 1895లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు ఒకరితో నొకరిని పోల్చుట మనస్సునకు హాని యని జీవితాంతము బోధించిరి. ఆ మాట తీసివేయదగినది కాదు. కాని పోటీ కూడదన్నవారు కూడ పోటీ జరుగుచున్నంత కాలము అది సరిగా జరుగవలదని అనరు గదా.

ఇక మైదానము సంగతి. పరుగుపందెమునకు నూఱు మీటర్లనగా ఎక్కడనైనను నూఱు మీటర్లే. క్రికెట్టు మైదానము అట్లు గాదు. అంతర్జాతీయ నియమము ప్రకారము హద్దు నడిమి నుండి 65 గజములకు తక్కువ కారాదు, 90 గజములకు మించరాదు. నడుమ 25 గజముల వ్యత్యాసము నియమమే ఒప్పుకొన్నది! అమెరికావారి బేస్‌బాల్ ఆటలో ఇది మఱియు విచిత్రము. బోస్టను నగరపు మైదానములో ఎడమవైపు 37 అడుగుల గోడ నిలిచియున్నది. మఱియొక యూర ఎగిరిపోవు బంతి ఇచ్చట ఆ గోడకు తగిలి క్రిందపడును. డెన్వరు నగరము సముద్రమట్టమునకు 5,280 అడుగుల యెత్తున నున్నది. మన హార్స్‌లీ కొండ కంటె వేయి అడుగులు ఎక్కువ. అంత యెత్తున గాలి పలుచన గనుక కొట్టిన బంతి దూరము పోవును. అందువలన 2002 నుండి అచ్చట బంతులను తేమగల గదిలో నిలువచేసి ఆటకు తెచ్చుచున్నారు. విత్తనమును గాదెలో కాపాడినట్లు బంతిని కాపాడుట వినుటకు వింతగా నున్నను, న్యాయము కొఱకు మనుష్యులు పడు పాట్లలో అదియు నొకటి.

మనకు దగ్గఱి మైదానము బెంగుళూరిది. కుప్పమువారు రైలెక్కి పోయి చూచి వచ్చునదే. ఊరు మూడువేల యడుగుల యెత్తు, మైదానము చిన్నది, బంతి వేయువారికి అది అగ్నిపరీక్ష. ఆ మైదానము బెంగుళూరు జట్టుకు అనుకూల మందుము. కాని 2024 ఏప్రిల్ 15న హైదరాబాదు జట్టు అచ్చటికి పోయి 287 పరుగులు చేసెను. ఇంటివారు 262 చేసి యోడిరి. చిన్న హద్దు ఇంటివానికెంత చిన్నదో అతిథికిని అంతే చిన్నది. కావున కొలతలలోని వ్యత్యాసము అన్యాయము కాదని నా యభిప్రాయము. ఇరువురకును కనబడునది, ఇరువురకును సమానముగా వర్తించునది వంకరగా నున్నను సహింపవచ్చును.

సహింపరానిది వేఱొకటి కలదు. ఆడు నేలను సిద్ధము చేయువాడు ఇంటివాడే. తన బలము చూచుకొని మన్నును తడుపుటయు, ఎండబెట్టుటయు అతని చేతిలో నున్నది. 2023లో ఇందూరులో మన దేశమునకు, ఆస్ట్రేలియాకు జరిగిన టెస్టు మూడవనాటికే ముగిసెను. ఆ నేలకు మొదట చెడ్డదని ముద్ర వేసి, మనవారు మొఱపెట్టుకొనగా కొంత తగ్గించిరి. మన నేల చెడ్డదనగా మనకు కష్టముగానే తోచును. కాని 2024 జనవరిలో దక్షిణాఫ్రికా దేశపు కేప్‌టౌనులో 642 బంతులకే టెస్టు ముగిసినప్పుడు ఆ నేలకును దోషము చెప్పిరి. ఇంగ్లాండులో కౌంటీ జట్లు దీనికొక యుపాయము పన్నెను. 2016 నుండి నాలుగేండ్లు, అతిథి జట్టు కోరినచో నాణెము ఎగురవేయకయే ముందుగా బంతి వేయవచ్చునని నియమము పెట్టిరి. నేలను వంచన చేసినవాడే దానిపై ముందు బ్యాటు పట్టవలసి వచ్చును. అన్నదమ్ములు భాగములు పంచుకొనునప్పుడు ఒకడు పంచగా రెండవవాడు ముందు కోరుకొనునట్టి పద్ధతి యిది.

తీర్పరుల మాట మీకు వెంటనే తెలియును. రెండూళ్ల నడుమ పొలిమేర తగవు వచ్చినచో ఒక యూరివానినే మధ్యవర్తిగా నుంచుటకు రెండవ యూరివారు ఒప్పుకొందురా? మూడవ యూరి పెద్దను పిలిపింతురు. ఇంత చిన్న సంగతి క్రికెట్టు ప్రపంచమునకు తోచుటకు నూఱేండ్లకు పైబడినది. 1877లో టెస్టులు మొదలైనది మొదలు, సాధారణముగా ఏ దేశమున ఆట జరిగిన ఆ దేశపువారే తీర్పరులు. 1986లో పాకిస్తాను నాయకుడైన ఇమ్రాన్ ఖాన్ పూనికతో లాహోరులో వెస్టిండీసుపై ఆడిన టెస్టుకు మన దేశమునుండి ఇద్దఱిని పిలిపించిరి. వారిలో నొకరు హైదరాబాదునకు చెందిన వి. కె. రామస్వామి, రెండవవారు పీలూ రిపోర్టరు. 2002 నుండి ఇద్దఱు తీర్పరులును పరదేశీయులే కావలెనను నియమము వచ్చినది. తీర్పరి నీతిమంతుడు కాడని దీని యర్థము కాదు. 2020లో అంటువ్యాధి వలన ఐరోపాలో ఖాళీ మైదానములందు ఫుట్‌బాలు ఆడినప్పుడు సొంతయూరి గెలుపులు తగ్గినవి. పరాయి జట్టుకు తీర్పరులు చూపు హెచ్చరిక చీట్లును తగ్గినవి. వేలమంది కేకలు మంచివాని చెవినిగూడ కొంత వంచునన్నమాట. ఐ. పి. ఎల్. లో సాధారణముగా ఒక్కొక్క జట్టు ఏడు ఆటలు ఇంటను, ఏడు ఆటలు బయటను ఆడును. చెఱువు నీటికి వంతులు వేసుకొన్నట్లు అనుకూలమునకు వంతు వేసిరి. ఇంతకు మించి మైదానముతో చిక్కు లేదు.

చిక్కంతయు కూలిలో నున్నది.

మదనపల్లె టమోటా మండీలలో వేలము చూడనివారు మీలో ఉండరు. 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటిన పండు ఆ యేడే పది రూపాయల ప్రాంతమునకు దిగజారెను. పండు అదే, చెమట అదే. మాఱినది కొనువాని అవసరము. ఆటగాండ్ర వేలమును అట్టిదే. 2024 నవంబరులో జెడ్డా నగరమున రిషభ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్లకు పాడుకొన్నది. ఆ వేలములో కనిష్ఠ ధర 30 లక్షలు. అనగా ఒకే బండిలో ప్రయాణము చేసి, ఒకే యెండలో నిలుచు ఇద్దఱి నడుమ 90 రెట్ల భేదము. ధర వినగానే మనకు కోపము వచ్చునది ఇచ్చటనే. కాని 30 లక్షలవానికి ఆ 30 లక్షలు ముందుగా తెలిసియున్నవి. అంతకు తక్కువకు ఎవ్వడును పాడరాదు. మన టమోటాకు అట్టి కనిష్ఠ ధర ఎన్నడు కట్టిరి?

ఒక విషయములో మాత్రము రైతే మేలు. మదనపల్లెలో ధర నచ్చనిచో పుంగనూరు రైతు బండి త్రిప్పి కోలారునకు తోలుకొని పోగలడు. వేలములో నిలిచిన ఆటగాడు పాడుకొన్నవాని జట్టులోనే ఆడవలయును. అమెరికాలో ఈ సంకెల మఱింత గట్టిగా నుండెను. కర్ట్ ఫ్లడ్ అను బేస్‌బాల్ ఆటగానిని 1969లో సెయింట్ లూయిస్ జట్టువారు, అతని యిష్టమడుగకయే, ఫిలడెల్ఫియాకు మార్చివైచిరి. అతని జీతము ఏటికి 90,000 డాలర్లు. ఆ దినములలో గొప్ప జీతమే. అయినను నన్ను అమ్మి కొనుట కూడదని అతడు న్యాయస్థానమున కెక్కెను. 1972లో సుప్రీంకోర్టు అతనిని ఓడించెను. ఆట పోయినది. 1975లో ఒక మధ్యవర్తి తీర్పు వలన ఫ్లడ్ కోరిన స్వేచ్ఛ వేఱిద్దఱికి దక్కి, వారి వెనుక అందఱికిని లభించెను.

ఇప్పుడు మొత్తము రాశిని చూతము. ఒకని ధర చూచి కోపపడుట కంటె, కళ్లములో రాశి యెంత, కూలివారి పాలు ఎంత యని యడుగుట మన పద్ధతి. 2023 నుండి అయిదేండ్లకు ఐ. పి. ఎల్. ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయినవి. ఏటికి 9,678 కోట్లు. 2025లో ఒక్కొక్క జట్టు ఆటగాండ్రకు ఈయదగిన మొత్తము, ఆటకూలితో సహా, 146 కోట్లు. పది జట్లకు 1,460 కోట్లు. ప్రసార ధనములోనే ఇది ఆఱవ వంతునకు చేరదు. టిక్కెట్లు, ప్రకటనలు లెక్కలో చేర్చనే లేదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో రాబడిలో సుమారు సగము ఆటగాండ్రది. అచ్చటివారికి సంఘమున్నది, మనకు 2019లో ఏర్పడిన క్రికెటర్ల సంఘము ఆట మానినవారిది. మిగిలిన ధనముతో చిన్న ఆటగాండ్రను పోషించుచున్నామని బోర్డువారందురు. రంజీ ఆటగానికి దినమునకు 40,000 మొదలు 60,000 వఱకు ముట్టుటయు నిజమే. కావున 27 కోట్లవాడు దోచుకొనుచున్నాడనుట సరికాదు. అతని జట్టంతయు కలిసి తాము పండించినదానిలో చిన్న పాలే తీసికొనుచున్నది.

ఆడువారి లెక్క తీసినచో ఆశ్చర్యము. మహిళల లీగు ప్రసార హక్కులు అయిదేండ్లకు 951 కోట్లు, ఏటికి 190 కోట్లు. 2025లో అయిదు జట్లకు జట్టుకు 15 కోట్ల వంతున 75 కోట్లు ఆటగత్తెలవి. రాశిలో అయిదింట రెండు పాళ్లు! పాలు పెద్దది, రాశియే చిన్నది. ఏల చిన్నది? పొలము ఏండ్ల తరబడి బీడుపెట్టిన తరువాత పంట రాలేదని పొలమును నిందింపరాదు. 2005 ప్రపంచకప్పులో రెండవ స్థానము తెచ్చిన జట్టుకు ఆటకు 1,000 రూపాయల వంతున ముట్టినదని, ఆ జట్టు నాయకురాలైన హైదరాబాదు మిథాలీ రాజ్ చెప్పియున్నారు. మహిళల క్రికెట్టు బోర్డు పోషణలోనికి వచ్చినది 2006లో.

2022 అక్టోబరులో బోర్డు మంచి పని చేసినది. మగవారికిని ఆడువారికిని ఆటకూలి సమానము చేసెను: టెస్టునకు 15 లక్షలు, ఒకదినపు ఆటకు 6 లక్షలు, ఇరువది ఓవర్ల ఆటకు 3 లక్షలు. పత్రికలు సమానత్వము వచ్చినదని వ్రాసెను. పెద్దలారా, మీరు కూలి లెక్క తెలిసినవారు. ఇద్దఱికిని దినకూలి ఒకటే యని చెప్పి, ఒకనికి నెలలో ముప్పది దినములును, మఱొకనికి మూడు దినములును పని చూపినచో సమానమందురా? 2023, 2024, 2025 — ఈ మూడేండ్లలో మన పురుషుల జట్టు 33 టెస్టులాడెను. మహిళల జట్టు ఆడినవి 3. అన్నియు ఆడిన మగవానికి టెస్టుల కూలి 4 కోట్ల 95 లక్షలు. ఆమెకు 45 లక్షలు. సంవత్సరపు ఒప్పందములో సమానమన్న మాటయే లేదు. 2024-25లో పురుషుల పై తరగతికి 7 కోట్లు, మహిళల పై తరగతికి 50 లక్షలు.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో ఆ మహిళలే దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్పు తెచ్చిరి. ఆట కారంభమున వారు పాడిన జనగణమనకు ఆంగ్లరూపము 1919లో మన మదనపల్లె బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలలోనే రవీంద్రుల చేత వెలువడినదని గుర్తుచేసినచో తప్పు గాదనుకొందును. ఆ జట్టులో మన ప్రక్కనున్న కడప జిల్లా పల్లెపిల్ల శ్రీచరణి యున్నది. లీగులో మునుపు 55 లక్షలున్న ఆమె ధర ఆ నెలాఖరు వేలములో ఒక కోటి 30 లక్షలకు చేరెను. ఆ కప్పునకు అంతర్జాతీయ సంఘమువారు పెట్టిన బహుమాన ధనము 2023 పురుషుల కప్పు కంటె అధికము: గెలిచినవారికి 44 లక్షల 80 వేల డాలర్లు.

రాశి పెరుగుచున్నది. ఇక ఆటల సంఖ్య పెరుగవలెను. అది బోర్డు చేతిలోనిది. మీ చేతిలోనున్నది మీ యూరి బడి మైదానము. సాయంకాలము అది యెవరి వశమున నున్నదో, బాలికలకు అచ్చట ఒక గంటయైనను వంతు కలదో లేదో, వచ్చు సోమవారము బడి పంతులుగారిని అడిగి చూడుడు.