మొహమాటం – సమీక్ష

ప్రయాణాలలో హోటలుకు బదులు ఒకరి ఇంటిని కొద్ది రోజులకు అద్దెకు తీసుకోవడం నేడు సాధారణమైంది. 2008లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో ప్రారంభమైన ఎయిర్‌బీఎన్‌బీ సంస్థ ఈ పద్ధతికి విశేష ప్రచారం తెచ్చింది. ముక్కూమొహం తెలియని ఇరువురి మధ్య ఇక్కడ నమ్మకాన్ని కుదిర్చేది సమీక్ష. బస ముగిశాక అతిథి ఇంటిని గురించి, ఆతిథేయి అతిథిని గురించి తమ అభిప్రాయాలు రాస్తారు.

అయితే, ఇందులో ఒక చిక్కు ఉంది. హోటలు గదిని విమర్శించడం తేలిక. చిరునవ్వుతో ఎదురువచ్చి, తాళంచెవి చేతికిచ్చిన మనిషి ఇంటిలో దుప్పటి మాసి ఉన్నదని రాయడానికి చేయి రాదు. అతిథి ఇల్లు చిందరవందర చేసి వెళ్లినా, ఆతిథేయికీ అదే సంకోచం. ఈ మొహమాటానికి భయం తోడయ్యేది. తొలినాళ్లలో ఒకరు రాసినది రెండవవారు ముందే చూడగలిగేవారు. నిందిస్తే ప్రతినింద తప్పదని పలువురు పొగడ్తలతో సరిపెట్టేవారు.

ఈ లోపాన్ని సవరించడానికి ఆ సంస్థ 2014లో కొత్త నియమం తెచ్చింది. దాని ప్రకారం ఇద్దరూ రాసిన తరువాత, లేదా 14 రోజుల గడువు ముగిసిన తరువాత మాత్రమే సమీక్షలు వెల్లడవుతాయి. అందువల్ల ప్రతీకారభయం తగ్గింది. మొహమాటం మాత్రం మనిషి స్వభావంలోనే మిగిలింది.

సమీక్షను నమ్మి రేపు అదే గుమ్మం తొక్కేవాడు మరొక అపరిచితుడు. "ఇల్లు బాగాలేదు" అనడం నింద. "మూడవ అంతస్తు, లిఫ్టు లేదు" అనడం సమాచారం. ఆ ఒక్క మాట దాచితే, మోకాళ్ల నొప్పులతో వచ్చే వృద్ధురాలు ప్రతిరోజూ ఆ మెట్లెక్కవలసి వస్తుంది. మంచిని మెచ్చుకొని, లోపాన్ని ఉన్నదున్నట్లు మృదువుగా తెలపడమే ఉత్తమ సమీక్ష లక్షణం.