మొరం గని రాకముందే ఊరి నీటిని కొలిచి ఉంచుకొనుడు

మీ ఊరి మిట్టమీద మొరం లేక గ్రావెల్ త్రవ్వుటకు ఎవరైన దరఖాస్తు పెట్టినారని తెలిసినపుడు రచ్చబండ దగ్గర వచ్చెడి ప్రశ్నలు సాధారణముగ రెండే. లారీలు ఏ దారిన పోవును? దుమ్ము పైరుపై పడునా? ఇవి అడుగదగినవే. కాని పైరుమీది దుమ్ము ఒక్క వానకు కడుగుకొని పోవును. నీటికి కలిగెడి నష్టము ఆలస్యముగ కనబడును, అంత సులువుగ తీరదు.

రాయలసీమ, తెలంగాణములలో చాలా భాగము గ్రానైటు, నైసు రాతినేల. అడుగునున్న గట్టి రాతిలో పగుళ్ళు తప్ప నీరు నిలుచుటకు చోటు లేదు. పైన చివికి మెత్తబడిన పొరయే, అనగా మనము మొరమని పిలుచునదే, వాననీటిని పీల్చుకొని మెల్లగ బావులకు వదలుచుండును. దానిపైనున్న మట్టి మురికిని వడగట్టును. మిట్టను త్రవ్వి తరలించుట అనగా నీటి గాదెను, జల్లెడను ఒకేసారి ఎత్తుకొని పోవుటయే. గొయ్యి నీటిమట్టము వరకు దిగినచో చుట్టుపట్ల బావుల నీరు అటువైపు నడచి ఎండకు ఆవిరియగును. యంత్రముల నుండి కారిన డీసెలు, ఇంజను నూనె అడ్డులేక తిన్నగ ఆ నీటిలో చేరును.

ఇక బురద సంగతి. ఒక మీటరు లోతు నిలువనీటిలో సన్నని ఇసుక రెండు మూడు నిమిషములలో అడుగునకు దిగును. ఒండ్రు రేణువునకు మూడు గంటలు పట్టును. బంకమన్ను రేణువునకు సుమారు మూడు దినములు కావలెను. కావున గని క్రింద చిన్న గుంట త్రవ్వి "బురద ఆపితిమి" అనినచో నమ్మరాదు. దానిలో ఆగునది ఇసుక మాత్రమే. ఎర్రనీరు చెరువునకే పోయి, అడుగున పేరుకొని నిలువ తగ్గించును, తూము పూడ్చును. గుంట నీరు కదలక నిలుచునంత పెద్దదిగ ఉండవలెను, ప్రతి తొలకరికి ముందు పూడిక తీయవలెను. అంతకన్న ముఖ్యము, మిట్ట పైనుండి వచ్చు మంచినీరు గనిలో దిగకుండ చుట్టు కందకము వేసి వాగులోనికి మళ్ళించుట.

మొరం వద్దనుట నా ఉద్దేశము కాదు. రోడ్లకు, ఇండ్ల పునాదులకు అది కావలసినదే. అయితే గని మొదలైన పిదప "మా బావి ఎండినది" అనిన, "వానలు లేవు గదా" అను జవాబు సిద్ధముగ ఉండును. అది నిజమైనను కావచ్చును. తేల్చునది ముందుగ వ్రాసి ఉంచిన కొలత ఒక్కటే.

గనికి దిగువన నాలుగైదు బావులను, దూరముగ మరి రెండింటిని ఎన్నుకొనుడు. బావి ఒరపై రంగుతో గుర్తు పెట్టి, టేపునకు బరువు కట్టి, ఉదయము మోటారు వేయకముందు ఆ గుర్తు నుండి నీటి వరకు కొలువుడు. నెలకొకసారి చాలును. మే, నవంబరు నెలలు మాత్రము తప్పరాదు. వానలు లేక తగ్గినచో దూరపు బావులును తగ్గును. గనివలన తగ్గినచో దగ్గరివి ఎక్కువ తగ్గును. త్రాగు నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించి చీటీ భద్రపరచుడు. భారత ప్రమాణము ఐ.ఎస్. 10500 (2012) ప్రకారము మురుగుదనము 1 యూనిటు, వేరే నీరు దొరకనిచోట 5 వరకు ఉండవచ్చును. కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే నీరు లేనిచోట 2000 వరకు. నైట్రేటు 45 దాటరాదు. తోటాలు పేల్చు క్వారీల నుండి నైట్రేటు రావచ్చును. మన యూరియా నుండి, పెంటకుప్పల నుండియు వచ్చును. అందుచే ముందటి అంకె చేతిలో లేక గనిని నిందించిన చెల్లదు.

గ్రామాధికారులు గమనింపవలసినది వేరొకటి కలదు. 2012 ఫిబ్రవరి 27న సుప్రీంకోర్టు, ఇట్టి చిన్నతరహా ఖనిజముల లీజు 5 హెక్టార్లకు తక్కువైనను పర్యావరణ అనుమతి పొందవలెనని ఆదేశించినది. 2006 నాటి ప్రకటన ప్రకారము ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలసిన గనులకు కనీసము 30 దినములు ముందుగ పత్రికలలో నోటీసు ఇయ్యవలెను. ఐదవ షెడ్యూలు ప్రాంతములలోనైతే 1996 చట్టము ననుసరించి గ్రామసభ లేక పంచాయతీ సిఫారసు ముందుగ ఉండవలెను. సభలో నోటిమాట చాలదు. వాగు, చెరువు, బావులను సర్వే నంబర్లతో గ్రామపటముపై గుర్తించి, కొలతల పుస్తకము నకలు జతచేసి వ్రాతపూర్వకముగ ఇయ్యుడు. త్రవ్వకము నవంబరు నీటిమట్టమునకు పైననే ఆగవలెనని, డీసెలు నిలువ వాగునకు దూరముగ సిమెంటు గచ్చుపై ఉండవలెనని షరతులు కోరుడు.

అనుమతి వచ్చిన పిదప షరతుల అమలుపై గనిదారు ప్రతి సంవత్సరము జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక పంపవలెను. అది బహిరంగ పత్రము. దరఖాస్తు చేసి నకలు తెప్పించి, మీ పుస్తకములోని మే, నవంబరు కొలతలతో సరిచూడుడు.