బ్రతికిన కండరములోనికి ఒక చూపు

నాదర్‌గుల్‌లో పరుగు సాధన చేస్తున్న ఒక కుర్రవానిని ఊహించండి. నూరు మీటర్లు శక్తి కొలది పరుగెత్తి, రొప్పుతూ కూలబడతాడు. నాలుగైదు నిమిషములు గడిచేసరికి మళ్ళీ సిద్ధము. నడుమ తిన్నది ఏమీ లేదు. మరి పోయిన సత్తువ ఎట్లా తిరిగి వచ్చినది?

ఈ చిక్కు విప్పినవారిలో ఒకరు మన తెలుగువాడు. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలసి, కండరములోని ఫాస్ఫేటును నీలిరంగు సాయముతో కొలిచేవారు. ఆ రంగు రావలసినంత త్వరగా రాలేదు. పొరపాటని వదలివేయక వారు కారణము వెదకినారు. తేలికగా విడిపోయే ఒక సమ్మేళనము బయటపడినది. అదే ఫాస్ఫోక్రియేటిన్. కండరము పనిచేస్తే అది తరుగుతుందని, విశ్రాంతిలో మరల చేరుతుందని 1927లో తెలిపినారు.

కండరము నేరుగా ఖర్చుచేసేది ఏ.టి.పి. అనే పదార్థమును. అది జేబులోని చిల్లర వంటిది. కొద్ది క్షణములకే చాలుతుంది. అది తరిగిన వెంటనే ఫాస్ఫోక్రియేటిన్ తన ఫాస్ఫేటు నిచ్చి దానిని భర్తీ చేస్తుంది.

అయితే ఆనాడు కండరమును కోసి తీయనిదే పరీక్ష సాగేది కాదు. కోతలోనే కొంత ఫాస్ఫోక్రియేటిన్ విడిపోయేది. కోయకుండా చూడడమెట్లా?

ఒకే శ్రుతిలోని రెండు తీగలలో ఒకదానిని మీటితే రెండవది కూడా కంపిస్తుంది గదా! బలమైన అయస్కాంతము నడుమ ఉంచిన ఫాస్ఫరస్ కేంద్రకములు కూడా తమ శ్రుతికి సరిపోయే రేడియో తరంగములకే పలుకుతాయి. ఏ అణువులో ఉన్నదో దానినిబట్టి ఆ శ్రుతి రవ్వంత మారుతుంది. కనుక ఏ.టి.పి., ఫాస్ఫోక్రియేటిన్, విడి ఫాస్ఫేటు వర్ణపటములో వేరువేరు శిఖరములుగా కనిపిస్తాయి. ప్రకృతిలోని ఫాస్ఫరస్ అంతా ఈ విధముగా పలికేదే గనుక ఏ మందూ ఎక్కించనక్కరలేదు.

1974లో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు అప్పుడే తీసిన ఎలుక కండరములో ఈ శిఖరములను చూచినారు. తరువాత మనిషి చేతిని, కాలిని అయస్కాంతములో ఉంచి వ్యాయామము చేయించినారు. ఫాస్ఫోక్రియేటిన్ శిఖరము క్రుంగినది, విడి ఫాస్ఫేటు శిఖరము లేచినది, ఏ.టి.పి. దాదాపు కదలలేదు. విశ్రాంతి నివ్వగా కొద్ది నిమిషములలో శిఖరములు యథాస్థానమునకు వచ్చినవి. విడి ఫాస్ఫేటు శిఖరము జరిగిన తీరునుబట్టి కండరము ఎంత పులిసినదో కూడా తెలుస్తుంది. మెకార్డిల్ వ్యాధిగల రోగి కండరము శ్రమించినా పులియదని 1981లో ఈ పద్ధతియే చూపినది. కండరములోని గ్లైకోజెన్‌ను వాడుకోలేకపోవడమే ఆ వ్యాధి.

సుబ్బారావు 1948లో మరణించినారు. ఈ యంత్రమును చూడలేదు. కాని రంగు ఆలస్యమైనప్పుడు ఆయన ఆగి ఆలోచించి కనుగొన్నది, నేడు కత్తిగాటు లేకుండానే కనిపిస్తున్నది. మన కుర్రవాడు రొప్పు తీర్చుకొనే ఆ నాలుగైదు నిమిషములలో అతని పిక్కలో జరుగుతున్నది అదే.