యూజీసీ ఏళ్లు ఇచ్చింది, గంటలు ఎవరిస్తారు?

మన బీటెక్ వాళ్లకి పీహెచ్‌డీ అంటే గేట్ రాశాక, ఎంటెక్ అయ్యాక ఎప్పుడో ఆలోచించే విషయం. ప్లేస్‌మెంట్ సీజన్‌లో దాని ఊసు ఎత్తేవాళ్లే ఉండరు. కానీ తిరుపతి చుట్టూ ఒకసారి చూడండి. 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ, 1983లో వచ్చిన పద్మావతి మహిళా యూనివర్సిటీ, 2015 నుంచి ఐఐటీ, ఐసర్. వీటన్నిట్లో పీహెచ్‌డీ స్కాలర్లు ఉన్నారు. వాళ్లలో పెళ్లయినవాళ్లూ, పిల్లలున్నవాళ్లూ కూడా ఉన్నారు. మా అక్క అలాంటి ఒక స్కాలర్. చిత్తూరులో ఉంటుంది, తిరుపతిలో బాటనీ చేస్తోంది, రెండేళ్ల కొడుకున్నాడు. అక్కకి ఇది ఐదో సంవత్సరం.

ఈ రెండూ ఒకేసారి మీదపడటం యాదృచ్ఛికం కాదు. పీజీ అయ్యేసరికి ఇరవై మూడు, ఇరవై నాలుగు. అక్కడి నుంచి ఐదారేళ్లు పీహెచ్‌డీ. మన ఇళ్లలో పెళ్లి, పిల్లల మాట వచ్చేది కూడా సరిగ్గా ఆ ఏళ్లలోనే. కాబట్టి "ముందు అది అయిపోనీ, తర్వాత ఇది" అని చెప్పడం తేలికే, చేయడమే కష్టం.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

2022 నవంబరులో యూజీసీ కొత్త పీహెచ్‌డీ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. అప్పటికీ పూర్తికాకపోతే రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతం కంటే ఎక్కువ వైకల్యం ఉన్నవాళ్లకు ఆ పైన మరో రెండేళ్లు. అంటే మొత్తం పదేళ్ల వరకు వెళ్లొచ్చు. మొత్తం పీహెచ్‌డీ కాలంలో మహిళా స్కాలర్లకు ప్రసూతి లేదా శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఇవ్వొచ్చు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేయడానికీ దారి ఉంది, పనిచేసే చోటు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుంటే చాలు.

చదవడానికి బాగానే ఉంది. ఉద్యోగినులకు 2017 చట్ట సవరణ ఇచ్చిన 26 వారాల కంటే ఈ 240 రోజులు ఎక్కువే. కానీ రెండు విషయాలు గమనించండి. ఒకటి, అక్కడ రాసింది "ఇవ్వవచ్చు" అని. "ఇవ్వాలి" అని కాదు. ఆ రెండు పదాల మధ్య తేడా ఏంటో సెలవు కాగితం పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకి తెలుసు. రెండు, ఆ సెలవు వాక్యంలో తండ్రి ఊసే లేదు.

ఇక డబ్బు సంగతి. నెట్ జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000. ఇవి 2023 జనవరి నుంచి అమలైన రేట్లు. రెండూ కలిపి ఐదేళ్లే. అంటే చదువుకోవడానికి పదేళ్లు గడువుంది, ఫెలోషిప్‌కి ఐదేళ్లే. ఎక్స్‌టెన్షన్ దొరికిన ఏళ్లు చేతిలో డబ్బు లేని ఏళ్లు. అక్క ఫెలోషిప్ ఇంకో ఐదు నెలల్లో ఆగిపోతుంది. ఇంట్లో "ఇంక చాల్లేమ్మా, ఏదో ఒక కాలేజీలో చేరిపో" అనే మాట అప్పుడే మొదలైంది.

కాంటెక్స్ట్ స్విచింగ్

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో మనం చదివాం. ప్రాసెసర్ ఒక పని ఆపి ఇంకోటి మొదలుపెట్టాలంటే పాత పని స్థితిని దాచుకోవాలి, కొత్తదాన్ని లోడ్ చేసుకోవాలి. ఆ మారే సమయంలో అసలు పనేమీ జరగదు. మరీ తరచుగా మారుతుంటే టైమంతా మారడానికే సరిపోతుంది.

థీసిస్ రాసే మనిషి పరిస్థితి ఇదే. ఒక చాప్టర్ రాయాలంటే పది పేపర్లు, రెండేళ్ల రీడింగులు, నిన్న ఎక్కడ ఆపిందీ, అన్నీ తలలోకి రావాలి. దానికే అరగంట పడుతుంది. సరిగ్గా అప్పుడు పిల్లోడు లేస్తాడు. కాబట్టి ముక్కలు ముక్కలుగా దొరికే ఆరు అరగంటలు, ఒకేసారి దొరికే మూడు గంటలు ఒకటి కావు. "రోజంతా ఇంట్లోనే ఉండావు కదా, రాసుకోవచ్చు కదా" అనేవాళ్లకి ఈ లెక్క అర్థం కాదు.

ల్యాబ్ ఇంకో రకం. అక్కది టిష్యూ కల్చర్. మూడు నాలుగు వారాలకోసారి మొక్క కణజాలాన్ని కొత్త మీడియాలోకి మార్చాలి. ఆ సీసాలకి ఆదివారం తెలీదు, పిల్లోడి జ్వరం తెలీదు. ఆలస్యమైతే నెలల పని పోతుంది.

సాకే భారతి కథలో మనం వదిలేసేది

ఈ విషయం మాట్లాడితే రాయలసీమలో ఎవరైనా చెప్పే పేరు సాకే భారతి. అనంతపురం జిల్లా శింగనమల దగ్గర నాగులగుడ్డం ఆమె ఊరు. ఇంటర్ తర్వాత పెళ్లయింది. కూలి పనులకి వెళ్తూనే, పాపని పెంచుతూనే డిగ్రీ, పీజీ చేసింది. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో బైనరీ మిశ్రమాల మీద కెమిస్ట్రీలో పీహెచ్‌డీ పూర్తిచేసి, 2023 జూలైలో స్నాతకోత్సవంలో డాక్టరేట్ అందుకుంది.

ఆ ఫొటో మనందరం స్టేటస్ పెట్టుకున్నాం. "పట్టుదల ఉంటే ఏదైనా సాధ్యం" అని రాసుకున్నాం. ఆమె పట్టుదల గురించి ఎంత చెప్పినా తక్కువే. కానీ ఆ కథలో ఇంకో సగం కూడా ఉంది. పెళ్లయ్యాక చదువుకోమని ప్రోత్సహించింది ఆమె భర్తే. కొన్ని రోజులు కూలికి, కొన్ని రోజులు కాలేజీకి అని పంచుకుని చదివింది. కాలేజీకి వెళ్లిన రోజు కూలి డబ్బు రాదు. అది ఇల్లంతా కలిసి మోసిన ఖర్చు. పట్టుదల ఒక్కటే చాలు అంటే, మధ్యలో ఆపేసినవాళ్లందరికీ పట్టుదల లేదన్నట్టే కదా? అది అన్యాయం.

ఒక వారం లెక్క

మా ఇంట్లో నేనూ అక్కా కలిసి ఒక వారం గంటలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో వేశాం. చిత్తూరు నుంచి తిరుపతికి సుమారు డెబ్బై కిలోమీటర్లు. రానూపోనూ నాలుగు గంటలు. వారానికి నాలుగు రోజులు వెళ్తే పదహారు గంటలు బస్సులోనే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఛార్జీ మిగిలింది గానీ టైమ్ మిగల్లేదు. ల్యాబ్‌లో ఇరవై గంటలు. థీసిస్ రాసింది ఆరు గంటలు, అదీ రాత్రి తొమ్మిదిన్నర తర్వాతే.

ఆ షీట్‌లో మేము మొదట వేయని కాలమ్ ఒకటుంది. అది అమ్మది. అక్క ల్యాబ్‌కి పోయిన రోజు పిల్లోడ్ని చూసేది అమ్మ. ఉగ్గు తినిపించడం, నిద్రపుచ్చడం, అన్నీ. అంతకుముందు అమ్మ జాకెట్లు కుట్టేది. ఇప్పుడు మిషన్ మీద బట్ట కప్పేసి ఉంది. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ అడగనూ లేదు. అక్క పీహెచ్‌డీకి ఫెలోషిప్ ఇచ్చేది ప్రభుత్వం ఒక్కటే అనుకున్నాం. రెండో ఫెలోషిప్ అమ్మ ఇస్తా ఉంది.

షీట్ చూసి బావ "నేను హెల్ప్ చేస్తానే ఉండాను కదా" అన్నాడు. నిజమే, చేస్తాడు. అక్క మెల్లగా అంది: "హెల్ప్ అంటే పని నాది అనే కదా బావా." బావ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత శని, ఆదివారాలు పొద్దన్నుంచి మధ్యాహ్నం దాకా పిల్లోడు పూర్తిగా బావ బాధ్యత అయ్యాడు. తిరుపతి రోజులు నాలుగు నుంచి మూడుకి తగ్గించి, ల్యాబ్‌లో ఎక్కువసేపు ఉండేట్టు పెట్టుకుంది. రాసే గంటలు ఆరు నుంచి పదకొండుకి వచ్చాయి. అమ్మ వారానికి రెండు పూటలు మిషన్ తీస్తోంది. నాలుగో చాప్టర్ ఇంకా అయిపోలేదు. ఐదు నెలల్లో అవుతుందో లేదో ఎవరికీ తెలీదు.

మనకి దీంతో పనేంటి?

మనలో కొందరు రీసెర్చ్‌కి వెళ్తారు. చాలామంది రీసెర్చ్ చేసే మనిషికి భర్తో, భార్యో, తమ్ముడో అవుతారు. చేరేముందు గైడ్‌నీ సీనియర్లనీ అడగాల్సింది టాపిక్ ఒక్కటే కాదు. సెలవు ఎలా మంజూరు చేస్తారు, హాస్టల్‌లో ఫ్యామిలీ క్వార్టర్స్ ఉన్నాయా, క్యాంపస్‌లో పిల్లల్ని చూసుకునే చోటుందా, ఇంటి నుంచి చేయగల పని ఎంత అని అడగండి. మహిళల కోసం కేంద్ర సైన్స్ శాఖ వైజ్-కిరణ్ కింద పీహెచ్‌డీ ఫెలోషిప్ ఇస్తోంది, అది చూడండి. అబ్బాయిలూ అడగండి. ఇవి అమ్మాయిల ప్రశ్నలు అనుకున్నంతకాలం ఆ వాక్యంలోకి తండ్రి రాడు.

ఇక ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే "ఎప్పుడు అయిపోతుంది?" అని అడక్కండి. ఆ ప్రశ్న వాళ్లు రోజూ వేసుకుంటానే ఉంటారు. "శనివారం మూడు గంటలు పిల్లోడ్ని నేను చూసుకుంటా" అని చెప్పండి.