ఫ్లోరైడ్: లీటరుకు ఎంత, పేస్టులో ఎంత

2025 మే 7 నుంచి అమెరికాలోని యూటా రాష్ట్రంలో కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం నిషేధం. జులై 1న ఫ్లోరిడా కూడా అదే బాట పట్టింది. ఆ వార్తల వెనకే ‘ఫ్లోరైడ్ పేస్టు వాడితే పిల్లల తెలివి తగ్గుతుందట’ అనే మాట మన ఫోన్లలోకీ వచ్చి చేరింది. నల్లగొండ పేరు తెలిసిన ఏ తెలుగువాడికైనా ఆ మాట చప్పున నమ్మబుద్ధవుతుంది. గారపట్టిన పళ్లూ, వంగిపోయిన నడుములూ చూసిన జనం కదా. కాకపోతే అమెరికావాళ్లు కొట్లాడుకుంటున్నది లీటరు నీళ్లలో 0.7 మిల్లీగ్రాముల గురించి. మన ఊళ్లలో మనుషుల్ని మంచాన పడేసిన నీళ్లలో ఉన్నది దానికి ఎన్నో రెట్లు. అంకెలు పక్కన పెట్టి ఫ్లోరైడ్ మంచిదా చెడ్డదా అని వాదిస్తే ఎటూ తేలదు.

ముందు పన్ను సంగతి. పంటి పైపొర ఎనామిల్. అందులో దాదాపు అంతా హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజమే. మనం తిన్న తీపిని నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లంగా మారుస్తుంది. పంటి మీద పీహెచ్ 5.5 కిందికి దిగితే ఖనిజం కరగడం మొదలవుతుంది. కాసేపటికి లాలాజలం ఆమ్లాన్ని తటస్థం చేసి, కరిగిన ఖనిజంలో కొంత తిరిగి అతికిస్తుంది. రోజంతా జరిగే ఈ కరగడం, అతకడంలో కరగడమే పైచేయి అయితే పిప్పిపన్ను. అతికే వేళ ఫ్లోరైడ్ దగ్గర్లో ఉంటే అది ఖనిజంలోకి చొరబడి దాన్ని గట్టి రకంగా మారుస్తుంది. ఈ గట్టి రకం కరగాలంటే పీహెచ్ 4.5 దాకా పడాలి. ఒక్క పాయింటే కదా అనిపించవచ్చు. పీహెచ్ లెక్కలో ఒక్క పాయింటంటే ఆమ్లత పది రెట్లు.

ఈ పనంతా పంటి పైన జరుగుతుంది. అందుకు ఫ్లోరైడ్ పంటికి తగిలితే చాలు, మింగనక్కర్లేదు. హాని మాత్రం మింగినదానితోనే వస్తుంది. ఈ తేడా మనసులో పెట్టుకుంటే తర్వాతి అంకెలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

కుళాయి నీళ్లలో కలపాలన్న ఆలోచన దంతవైద్యుడు హెన్రీ ట్రెండ్లీ డీన్ చేసిన సర్వే నుంచి పుట్టింది. ఆయన అమెరికాలో 4 రాష్ట్రాలు, 21 పట్టణాల్లో 12-14 ఏళ్ల పిల్లలు 7,257 మంది నోళ్లు పరీక్షించాడు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర ఉన్నచోట పుచ్చుపళ్లు బాగా తక్కువ, పంటి మీద మచ్చలూ పెద్దగా లేవు. దాంతో 1945 జనవరి 25న మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణం తన నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. 11 ఏళ్ల తర్వాత చూస్తే, ఆ నీళ్లు మొదలయ్యాక పుట్టిన పిల్లల్లో దంతక్షయం 60 శాతానికి పైగా తగ్గింది.

ఇప్పుడు ఆ విజయం అంత పెద్దదిగా కనిపించడం లేదు. వైద్య పరిశోధనలను వడపోసి చెప్పే కాక్రేన్ సంస్థ 2015లో లెక్కగడితే ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఒక్కో పిల్లవాడికి సగటున 1.81 పాలపళ్లు మిగిలినట్టు తేలింది. ఆ అధ్యయనాల్లో ఎక్కువభాగం 1975కు ముందువి. 2024 అక్టోబరులో అదే సంస్థ 1975 తర్వాతి అధ్యయనాలను విడిగా తీసి చూస్తే లాభం 0.24కు పడిపోయింది, అంటే పావు పన్ను. పుచ్చే లేని పిల్లల సంఖ్య మాత్రం నూటికి నలుగురు పెరగవచ్చట. ఫ్లోరైడ్ గుణం మారలేదు. 1970ల నుంచి ఇంటింటికీ ఫ్లోరైడ్ పేస్టు వచ్చింది. నీళ్లు చేసే పనిలో చాలావరకు పేస్టే చేసేస్తోంది.

అలాగని నీళ్ల నుంచి తీసేస్తే ఏమీ కాదా? కెనడాలోని కాల్గరీ 2011లో కలపడం ఆపింది, పొరుగునున్న ఎడ్మంటన్ ఆపలేదు. ఏడెనిమిదేళ్ల తర్వాత రెండో తరగతి పిల్లల పాలపళ్లు చూస్తే పుచ్చున్నవాళ్లు కాల్గరీలో 64.8 శాతం, ఎడ్మంటన్‌లో 55.1 శాతం. రెండు ఊళ్లలోనూ పేస్టు ఉంది. కాల్గరీ 2025 జూన్ 30న మళ్లీ కలపడం మొదలుపెట్టింది. పావు పన్ను అనగానే తీసిపారేయకూడదు. రోజూ బ్రష్ చేయించే ఇళ్లకు అది చిన్న అంకె కావచ్చు, అలా చేయించే తీరిక లేని ఇళ్లకు కాదు.

ఇక మెదడు సంగతి. 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ ఏళ్ల తరబడి నానిన నివేదికను బయటపెట్టింది. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కూ, పిల్లల్లో తక్కువ ఐక్యూకూ సంబంధం ఉందని ‘మధ్యస్థ నమ్మకం’తో చెప్పింది. 0.7 దగ్గర ఏమవుతుందో తేల్చడానికి ఆధారాలు చాలవని కూడా అందులోనే ఉంది. మన ఫోన్లలో తిరిగే సందేశాల్లో మొదటి వాక్యం ఉంటుంది, రెండోది ఉండదు.

2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్ పత్రికలో ఇంకాస్త పెద్ద లెక్క వచ్చింది. మొత్తం 74 అధ్యయనాలు. వాటిలో చైనావే 45. అమెరికాలో జరిగింది ఒక్కటీ లేదు. లోపాలకు ఎక్కువ ఆస్కారం ఉన్నవని ఆ రచయితలే 52 అధ్యయనాలను పక్కకు గుర్తుపెట్టారు. పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము పెరిగితే ఐక్యూ సగటున 1.63 పాయింట్లు తగ్గిందన్నది తేలిన అంకె. నాణ్యమైన అధ్యయనాలు మాత్రమే తీసుకుంటే అది 1.14. నీళ్లలో 1.5 కంటే తక్కువ ఉన్నచోట్ల స్పష్టమైన సంబంధం కనిపించలేదు. అయితే ఆ పరిధిలోనూ మూత్రం కొలతలు మాత్రం తగ్గుదల వైపే చూపించాయి. ఇక్కడే శాస్త్రవేత్తలు రెండుగా చీలిపోయారు.

1.63 పెద్దదా, చిన్నదా? ఒక పిల్లవాడి విషయంలో అది కనిపెట్టలేనంత చిన్నది. అదే పరీక్ష వారం తర్వాత మళ్లీ పెడితే అంతకంటే ఎక్కువ తేడా రావచ్చు. లక్షమంది పిల్లలను తీసుకుంటే లెక్క మారుతుంది. సగటు 100 ఉన్నప్పుడు లక్షలో సుమారు 2,300 మందికి ఐక్యూ 70 కంటే తక్కువ ఉంటుంది. సగటు 1.63 కిందికి జరిగితే ఆ సంఖ్య 2,900 దాటుతుంది. ఇది కాగితం మీది గణితమే, ఏ ఊళ్లోనూ లెక్కించింది కాదు. కానీ సగటులో చిన్న జరుగుడును ఆరోగ్య విభాగాలు ఎందుకు పట్టించుకోవాలో చెప్పడానికి ఇది చాలు. నా మట్టుకు నాకు ఈ అధ్యయనాలు యూటా కంటే మనకే ఎక్కువ పనికొస్తాయనిపిస్తుంది. 1.5 దాటిన నీళ్లు తాగిన పిల్లలు ఉన్నది ఇక్కడే కదా.

మన కథ 1937లో కాగితానికెక్కింది. ఆనాటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశంలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ముందు దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోయాయి, తర్వాత మనుషులకూ అదే వచ్చింది. షార్ట్ అనే పరిశోధకుడు, అతని సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఈ జబ్బును ఫ్లోరోసిస్‌గా గుర్తించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. నల్లగొండ విషయానికొస్తే తప్పు రాయిది. ప్రపంచంలో గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ సగటున కిలోకు 810 మిల్లీగ్రాములు. నల్లగొండ గ్రానైట్‌లో 325 నుంచి 3,200 దాకా ఉంది. కాల్షియం తక్కువున్న క్షార జలం ఆ రాయిని ఎంతకాలం ఒరుసుకుంటే అంత ఫ్లోరైడ్ దిగుతుంది. బావి వదిలి బోరు వేసిన చోటల్లా నీళ్లు లోతుల్లోంచి వచ్చాయి, ఫ్లోరైడూ వెంట వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఇక్కడి యువతలో మోకాళ్లు లోపలికి ఒరిగిపోయే వైకల్యాన్ని లాన్సెట్‌లో వర్ణించారు. పటికా సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికి పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ పెట్టిన పేరు కూడా నల్లగొండదే. చివరికి ఊరట తెచ్చింది కృష్ణా, గోదావరి నీళ్లు. తెలంగాణలో 2016 నుంచి మిషన్ భగీరథ పైపుల్లో అవి ఇళ్లకు చేరాయి. అయినా ఇంట్లో నది నీళ్లు తాగి, పగలంతా చేలో బోరు నీళ్లు తాగే కూలీకి లెక్క వేరు.

ఎంత వేరో గుణించి చూద్దాం. భారత ప్రమాణం ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.0 దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితీ 1.5. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2025లో అన్ని రకాలుగా ఒంట్లోకి చేరే ఫ్లోరైడ్‌కు ఒక హద్దు గీసింది: ఎనిమిదేళ్లు దాటినవారికి, గర్భిణులతో సహా, రోజుకు 3.3 మిల్లీగ్రాములు. 1.5 ఉన్న నీళ్లు 2.2 లీటర్లు తాగితే ఆ హద్దు నిండిపోతుంది. మే నెల ఎండలో పొలానికో ఉపాధి పనికో వెళ్లిన మనిషి నాలుగు లీటర్లు తేలిగ్గా తాగుతాడు, అంటే 6 మిల్లీగ్రాములు, టీ లెక్క వేయకుండా. తేయాకు మట్టిలోని ఫ్లోరైడ్‌ను బాగా పోగుచేసుకునే మొక్క. అమెరికా 1962లోనే తన ప్రమాణాన్ని ఎండను బట్టి 0.7 నుంచి 1.2 దాకా మార్చుకునేలా పెట్టింది. 2015లో అంతటా 0.7 చేసింది. వేడి ప్రాంతానికి 1.5 అనే అంకె ఉదారమైనదే అనుకోవాలి.

మన వంటింట్లో ఒక చిన్న తోడు కూడా దొరికింది. జాతీయ పోషకాహార సంస్థే 2002లో ప్రచురించిన పరిశోధనలో 18 మంది బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ రోజుకు 3.5 నుంచి 4.8 మిల్లీగ్రాములకు పెరిగింది. పద్దెనిమిది మందితో చేసిన పరీక్ష. చారు తాగితే చాలు, నీళ్లు మార్చక్కర్లేదు అనుకునేంత బలం దానికి లేదు.

పేస్టు దగ్గరికి వద్దాం. దాని అంకెలు చూస్తే గుండె గుభేలుమంటుంది: మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ గరిష్ఠంగా 1,000 పీపీఎం, అంటే గ్రాముకు ఒక మిల్లీగ్రాము. నీళ్లలో లీటరుకు 0.7 అంటూ అంత గొడవైతే ఇది వెయ్యి దాకానా? కానీ పేస్టును లీటర్లకొద్దీ తాగం. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత పేస్టు చాలు, సుమారు 0.1 గ్రాము, అంతా మింగినా చేరేది 0.1 మిల్లీగ్రాము. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠాణీ గింజంత, 0.25 మిల్లీగ్రాము. టీవీ ప్రకటనల్లో బ్రష్ ఈ కొస నుంచి ఆ కొస దాకా పిండే పేస్టు దాదాపు ఒక గ్రాము ఉంటుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఐరోపా హద్దు రోజుకు 2.0 మిల్లీగ్రాములు. 1.5 ఉన్న నీళ్లు లీటరు తాగే ఐదేళ్ల పాప బఠాణీ గింజంత పేస్టు మింగినా 1.75 దగ్గరే ఆగుతుంది. ప్రకటనలో చూపినంత మింగితే 2.5. ఎనిమిదేళ్లలోపే శాశ్వత పళ్ల ఎనామిల్ తయారవుతుంది కాబట్టి ఈ వయసులో ఎక్కువైతే మచ్చలు జీవితాంతం ఉంటాయి, ఏ పేస్టుతో తోమినా పోవు.

ఇంతకంటే పెద్ద అంకె కూడా ఒకటుంది. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే ద్రవం 38 శాతం గాఢతలో 44,800 పీపీఎం. పుచ్చిన చోట ఒక్క చుక్క పూస్తారు. మత్తు సూది, డ్రిల్లు అక్కర్లేదు, పుచ్చు ముందుకు పోకుండా చాలాసార్లు ఆగిపోతుంది. న్యూయార్క్ బడుల్లో వేలమంది పిల్లల మీద పరీక్షించి చూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో ఫ్లోరైడ్ పేస్టుతోపాటు దీన్నీ చేర్చింది. ఇబ్బందల్లా పూసిన చోట పన్ను నల్లగా మారడం. ముందుపళ్లకు తల్లిదండ్రులు ఒప్పుకోరు. ప్రపంచంలో 51.4 కోట్ల మంది పిల్లల పాలపళ్లలో పుచ్చుంది. అందరికీ డెంటిస్టు కుర్చీ దొరకదు గనక ఆ నలుపును ఓర్చుకోవచ్చనే నేనంటాను.

ఇంటికి వచ్చే నీళ్లలో ఎంతుందో రుచికీ రంగుకీ తెలియదు. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు సరికదా, నీరు ఆవిరైన మేరకు గాఢత పెరుగుతుంది. ఆర్వో యంత్రం దాన్ని చాలావరకు తీసేస్తుంది. బోరులో 2, 3 చూపించిన ఇంటికి అది కావలసిందే. హైదరాబాద్, విజయవాడల్లో నది నీటిని కూడా మళ్లీ ఆర్వోలో పోసుకుని, క్యాను నీళ్లు కొనుక్కుని తాగే ఇళ్లలో పిల్లల పళ్లకు ఫ్లోరైడ్ అందేది దాదాపు పేస్టు నుంచే. అమెరికా వార్త చదివి అలాంటి ఇళ్లలో కూడా ‘ఫ్లోరైడ్ లేని’ పేస్టు కొంటే, ఆ కాస్తా పోతుంది.