కుండీ మొక్కలకు కాల్షియం, మెగ్నీషియం: ఇంట్లో తయారీ, వాడవలసిన సమయం

నాందేడ్ జిల్లాలోని బిలోలి, దేగ్లూర్, ధర్మాబాద్ తాలూకాల పల్లెలలో పెరడు లేని ఇంట కూడా మేడపైనో, అరుగుపైనో నాలుగు కుండీలు కనిపిస్తాయి. టమాటా, మిరప, కరివేపాకు, తులసి వాటిలో సాధారణంగా పెరుగుతాయి. ఆకులు పసుపుబారినా, కాయ అడుగు నల్లబడినా ‘సున్నం తక్కువైంది’ అని గుడ్డు పెంకులు వేయడం, ఎప్సం ఉప్పు చల్లడం చాలామందికి అలవాటు. కాల్షియం, మెగ్నీషియం ద్రావణాలను ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. అయితే అవసరం లేని మొక్కకు పోస్తే కుండీలో లవణాలు పేరుకొని వేర్లు మాడిపోతాయి. అందుచేత మొదట నీటిని, తరువాత ఆకును పరిశీలించాలి.

నీటి పరిశీలన

కాల్షియం మొక్క కణాల గోడలకు బలాన్నిస్తుంది. ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితంలో మెగ్నీషియం ఒక భాగం. దక్కను పీఠభూమిలోని నల్లరాయి శిథిలమై ఏర్పడిన ఇక్కడి నల్లరేగడిలో, అంటే మరాఠీవారి ‘కాళీ మాతీ’లో, ఈ రెండూ సమృద్ధిగా ఉంటాయి. బోరునీటిలోనూ ఇవి కరిగి ఉంటాయి. నీరు కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టినా, సబ్బు సరిగా నురగ రాకపోయినా ఆ నీరు కఠినజలమని గ్రహించాలి. అటువంటి నీటితో పెరిగే మొక్కకు సాధారణంగా ఈ ద్రావణాలు అక్కరలేదు.

కొరత ఏర్పడే సందర్భాలు వేరు. ఆర్.ఓ. నీరు లేదా వాననీరు మాత్రమే పోసినప్పుడు, మట్టికి బదులు కోకోపీట్ అనే కొబ్బరిపొట్టు నింపినప్పుడు ఇవి తగ్గుతాయి. కొబ్బరిపొట్టు మొదట్లో కాల్షియం, మెగ్నీషియంలను తానే పట్టి ఉంచుకుంటుంది. వర్షాకాలంలో ఎడతెగని వాన కూడా చిన్న కుండీలోని పోషకాలను అడుగు రంధ్రం గుండా కడిగివేస్తుంది.

ఆకు పరిశీలన

మెగ్నీషియం తగ్గితే ముందుగా కింది ముదురాకులు ఈనెల నడుమ పసుపుబారుతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. మొక్క తన పాత ఆకులలోని మెగ్నీషియాన్ని లేత చిగుళ్లకు తరలించుకోవడమే దీనికి కారణం. కాల్షియం అలా కదలదు. కనుక దాని లోపం చిగుళ్లలోను, కాయ అడుగున నల్లని గుంటగాను కనిపిస్తుంది. లేతాకులు పసుపుబారి ఈనెలు పచ్చగా ఉంటే అది చాలావరకు ఇనుము లోపం. క్షారగుణం గల నల్లమట్టిలో ఇది తరచుగా వస్తుంది. దీనికి ఎప్సం ఉప్పు పనిచేయదు. తాంబూలపు సున్నం వేస్తే క్షారత పెరిగి లోపం మరింత ముదురుతుంది.

టమాటా అడుగు నల్లబడడానికి తరచుగా కారణం నీటి క్రమం తప్పడమే. కాల్షియం నీటితోపాటే కాయకు చేరుతుంది. ఎండాకాలంలో ఒకనాడు ఎండగట్టి, మరునాడు ముంచెత్తితే మట్టిలో ఎంత కాల్షియం ఉన్నా కాయకు అందదు. పెద్ద కుండీ వాడి, మట్టిపై ఎండుటాకులు పరచి, రోజూ ఒకే వేళకు నీరు పోయడమే దీనికి మొదటి చికిత్స. చెడిన కాయ బాగుపడదు, దానిని కోసివేయాలి.

కాల్షియం ద్రావణం

గుడ్డు పెంకులో అధికభాగం కాల్షియం కార్బోనేట్. క్షారమట్టిలో అది దాదాపుగా కరగదు. కనుక పెంకులను ఊరకే కుండీలో పారవేస్తే ప్రయోజనం స్వల్పం. వాటిని కడిగి, ఆరబెట్టి, పెనముపై దోరగా వేయించి పొడిచేయాలి. ఒక గుడ్డు పెంకు పొడిని గాజుసీసాలో 100 మిల్లీలీటర్ల వంటింటి వెనిగర్‌లో వేయాలి. బుడగల రూపంలో వాయువు వెలువడుతుంది కాబట్టి మూత బిగించరాదు, పలుచని గుడ్డ కట్టాలి. రెండు మూడు రోజులకు బుడగలు ఆగుతాయి. అడుగున కొంత పొడి మిగిలితే ఆమ్లం దాదాపు తీరినట్లే. వడగట్టిన ద్రావణాన్ని లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, 15 రోజులకొకసారి మొదట్లో పోయాలి. గుడ్డు వాడని కుటుంబాలు ఎరువుల దుకాణంలో దొరికే జిప్సం పొడిని 10 లీటర్ల కుండీకి ఒక చెంచా చొప్పున మట్టిలో కలపవచ్చు. జిప్సం క్షారతను పెంచదు.

మెగ్నీషియం ద్రావణం

ఎప్సం ఉప్పు అంటే మెగ్నీషియం సల్ఫేట్. ఇంగ్లండులోని ఎప్సం పట్టణపు ఊటనీటి నుండి దానికి ఆ పేరు వచ్చింది. ఇందులో మెగ్నీషియం సుమారు 10 శాతం. 10 లీటర్ల బకెట్టు నీటికి ఒక చిన్న చెంచా, అంటే దాదాపు 5 గ్రాములు, సరిపోతుంది. ఇదికూడా 15 రోజులకొకసారే. చిక్కని కాల్షియం ద్రావణంలో దీనిని కలిపితే జిప్సం తెల్లగా పేరుకుపోతుంది. కాబట్టి రెండింటినీ వేర్వేరు రోజులలో పోయాలి.

జాగ్రత్తలు

ఆర్.ఓ. యంత్రం విడిచే వృథానీటిలో లవణాలు చిక్కగా ఉంటాయి, దానిని నిత్యం కుండీలకు పోయరాదు. మట్టిపై తెల్లని పొర కనిపిస్తే ద్రావణాలు ఆపి, అడుగు రంధ్రం నుండి నీరు బాగా కారేదాకా మంచినీరు పోయాలి. ద్రావణం మొదలుపెట్టిన తరువాత పాత ఆకు తిరిగి పచ్చబడుతుందని ఎదురుచూడరాదు. కొత్త చిగురు ఆరోగ్యంగా వస్తే చాలు. రెండు మోతాదుల తరువాత కూడా మార్పు లేకుంటే మోతాదు పెంచకుండా మట్టిని, నీటిని పరీక్ష చేయించాలి. బిలోలి తాలూకా సగరోళిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. పరీక్షల విషయమై అక్కడ సలహా అడగవచ్చు.